పెద్దపొడ పిల్ల

హైదరాబాదు నగరములో జూబిలీ హిల్సు, ఫిలింనగరు అను పేర్లు వినగానే నేడు ఎవరికైనను తెలుగు చలనచిత్రములు గుర్తుకు వచ్చును. 1950, 60 దశకములలో మద్రాసులో తయారగుచుండిన తెలుగు చిత్రములు క్రమముగా ఇటు తరలివచ్చినవి. 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలసిన తరువాత ఆ తరలింపు మరింత బలపడినది. అయితే ఈ గుట్టలు చిత్రములకంటె, నగరముకంటె కూడ చాల పాతవి. ఇక్కడి గ్రానైటు రాళ్ల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న ఆ బండల సందులలో, సీతాఫలపు పొదల క్రింద, పాములకు కావలసిన నీడయు, ఎలుకలును, వెచ్చదనమును ఎప్పుడును ఉన్నవి. ఇండ్లు వచ్చినవి, రోడ్లు వచ్చినవి, పాములు మాత్రము పూర్తిగా పోలేదు.

ఇటువంటి చోట ఏ పూలకుండీ వెనుకనో, కారు షెడ్డులోనో మూరెడు పొడవున్న, గోధుమరంగు ఒంటిమీద నల్లని మచ్చలున్న పాము కనబడినదనుకొందము. అది రక్తపింజరి కావచ్చును. కొండచిలువ పిల్లయు కావచ్చును. మొదటిది మన దేశములో మనుష్యులను ఎక్కువగా చంపు నాలుగు విషసర్పములలో ఒకటి. రెండవదానికి విషమే లేదు. కొండచిలువ పిల్లను రక్తపింజరి యని కర్రతో కొట్టి చంపుట మన ఊళ్లలో తరచు జరుగుచున్నది. ఇంతకంటె ఘోరమైన పొరపాటు రక్తపింజరిని కొండచిలువ పిల్ల యనుకొని చేతిలోనికి తీసికొనుట. ఈ చిక్కు క్రొత్తది కాదు. దానిని మొదట శాస్త్రీయముగా విడదీయుటకు పూనుకొన్నది కూడ తెలుగుదేశములోనే. ఆ కథ విశాఖపట్టణములో మొదలైనది.

1780 దశకము తొలినాళ్లలో పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగియైన తన సోదరునితో విశాఖపట్టణమునకు వచ్చినాడు. అంతకు పూర్వము సిరియాలోని అలెప్పో నగరములో వైద్యము చేసి, ప్లేగు వ్యాధిని దగ్గరగా చూచినవాడు. 1785లో కంపెనీ ఆయనను కోరమాండలు తీరపు ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించినది. మొక్కలను పరిశీలించుట ఆయన ఉద్యోగధర్మము. కాని పాముకాటుకు చనిపోవువారిని చూచిన వైద్యునికి, ఏ పాము ప్రమాదకరము, ఏది కాదు అను ప్రశ్న మొక్కలకంటె ముఖ్యముగా తోచినది. జనులు తెచ్చియిచ్చిన పాములను ఆయన ఒక్కొక్కటిగా పరిశీలించినాడు. నోరు తెరిపించి కోరలున్నవో లేవో చూచినాడు, పొలుసులు లెక్కించినాడు, కోళ్లను, కుక్కలను కరపించి విషము పనిచేయు తీరు వ్రాసికొన్నాడు. ఆ పరిశోధనల ఫలితమైన పెద్ద గ్రంథము 1796లో లండనులో అచ్చయినది.

ఆ గ్రంథములో తెలుగువారికి ఆనందము కలిగించు విషయమొకటి కలదు. పాములకు రస్సెల్ ఇచ్చిన పేర్లలో అనేకము ఇక్కడి జనుల నోట విన్న తెలుగు పేర్లే. వానిని ఇంగ్లీషు లిపిలో వ్రాసి పటముల క్రింద అచ్చువేసినాడు. నేడు ఆయన పేరుతోనే రస్సెల్ సర్పమని లోకమంతట ప్రసిద్ధమైన రక్తపింజరి అందులో 'కటుక రేకుల పొడ'. కొండచిలువ 'పెద్దపొడ'. పొడ యనగా మచ్చ. కాటుకతో అంచు దిద్దినట్లున్న రేకుల వంటి మచ్చలు ఒకదానివి. పెద్ద పెద్ద మచ్చలు రెండవదానివి. పేరు పెట్టినవారు పల్లెజనులు. వారికి లిన్నేయసు 1758లోనే కొండచిలువకు లాటిను పేరు పెట్టిన సంగతి తెలియదు. అయినను రెండు పాములను ఒకే ఇంటిపేరుతో పిలుచుటలో, అవి చూపునకు ఎంత దగ్గరగా నుండునో వారు చెప్పకయే చెప్పినారు.

పోలిక ఎంతవరకో, భేదము ఎక్కడనో విద్యార్థులు తెలిసికొనుట మేలు. రక్తపింజరి వీపుమీద కోడిగ్రుడ్డు ఆకారపు మచ్చలు మూడు వరుసలుగా గొలుసువలె తీరుగా నుండును. ఒక్కొక్క మచ్చకు నల్లని అంచు, దాని వెలుపల తెల్లని గీత కనబడును. పొలుసులకు నడుమ గట్టువంటి గీత యుండుటచే ఒళ్లు గరుకుగా, కాంతిహీనముగా నుండును. కదిలించినచో ప్రెషరు కుక్కరు ఈలవలె బిగ్గరగా, ఆగకుండ బుసకొట్టును. కొండచిలువ మచ్చలు ఒకదానితో నొకటి పోలవు. కొన్ని చదరములు, కొన్ని వంకరలు. పొలుసులు నునుపుగా మెరయుచుండును. తలమీద ఈటెమొన వంటి గుర్తు కలదు. పిల్లలలో ఆ తల ఒకవిధమైన గులాబి ఛాయతో నుండును. వీనిని పది అడుగుల దూరము నుండి చూచియే తేల్చుకొనవలెను. తేలనిచో అది రక్తపింజరియే యని భావించి దూరముగా నుండుట తప్ప వేరు మార్గము లేదు.

రస్సెల్ పెద్దపొడ నోటిలో విషపు కోరలు లేవని చూపి దానిని భయపడనక్కరలేని జాబితాలో చేర్చినాడు. కాని అది ఎట్లు బ్రదుకును, పిల్లలనెట్లు కనును అనునవి అప్పటికి ఎవరికిని తెలియవు. వానిలో మొదటి పెద్ద వింత బెంగాలు నుండి బయటపడినది. లమార్ పికో అను ఫ్రెంచి యాత్రికుడు అచ్చట తిరుగుచు, ఆడ కొండచిలువ గ్రుడ్లను చుట్టచుట్టుకొని కోడివలె పొదుగుననియు, అప్పుడు దాని ఒళ్లు వెచ్చబడుననియు తెలిసికొన్నాడు. 1830 దశకములో ఆ సంగతి పారిసు పండితులకు విన్నవించినాడు. వారు నవ్వినారు. పాము చల్లని నెత్తురు గల జంతువు. అది తానై వేడి పుట్టించుట ఎట్లు? యాత్రికుని మాట వట్టి కట్టుకథగా మిగిలిపోయినది.

1841లో ఆ పారిసులోనే, జంతుశాలలో నుండిన ఒక ఆడ కొండచిలువ గ్రుడ్లు పెట్టి, వానిని చుట్టుకొని దాదాపు రెండు నెలలు కదలకుండ పరుండినది. వలాన్సియెన్ అను శాస్త్రజ్ఞుడు దాని చుట్టల నడుమ ఉష్ణమాపకమునుంచి చూడగా, గది ఉష్ణోగ్రతకంటె అచ్చట ఎక్కువ వేడి కనబడినది. నవ్వినవారు నోరు మూసికొన్నారు. అయినను ఆ వేడి ఎచ్చటి నుండి వచ్చుచున్నదో తేలుటకు మరి నూరేండ్లకు పైగా పట్టినది. న్యూయార్కు జంతుప్రదర్శనశాలలో హచిసన్, డౌలింగ్, వినెగర్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు పొదుగుచున్న కొండచిలువ పీల్చు ఆమ్లజనిని కొలిచి 1966లో తమ ఫలితములు ప్రకటించినారు. తల్లి తన కండరములను మాటిమాటికి బిగించి సడలించును. చలికి మనము వణకుట వంటిదే ఇదియును. గది చల్లబడినకొలది ఈ బిగింపులు ఎక్కువగును. ఆమ్లజని వాడకము పెరుగును. ఒళ్లు పరిసరములకంటె నాలుగైదు డిగ్రీలు వెచ్చగా నిలుచును.

పిల్లను సాకు విద్యకు ఇదియే మూలసూత్రము. ఏలయన ఈ వేడి గ్రుడ్లున్నంతవరకే. గ్రుడ్డు పగులగొట్టుకొని వచ్చిన పిల్లకు తల్లి ఆహారమీయదు, వెచ్చదనమును ఈయదు. తనంతట తాను వణకి వేడి పుట్టించుకొను శక్తి పిల్లకు లేదు. నాటి నుండి దాని జీవితమంతయు వెచ్చని చోటికి ప్రాకుట, వేడి ఎక్కువైనచో చల్లని చోటికి తొలగుట అను ఈ రెండు పనులమీద నడచును. కనుక కొండచిలువ పిల్ల యిల్లు ఒకే వేడి గల పెట్టె కాకూడదు. ఒక కొన 32 డిగ్రీల ప్రాంతమున, రెండవ కొన 26 డిగ్రీల ప్రాంతమున నుండవలెను. ఏది కావలెనో పిల్లయే ఎన్నుకొనును.

జంతుప్రదర్శనశాలలవారు ఇంత చిన్న సంగతి గ్రహించుటకు చాలకాలము పట్టినది. లండను జంతుశాలవారు 1849లో ప్రపంచములోనే మొదటిదియైన సరీసృప గృహమును తెరచినారు. నిప్పుగూళ్లతో భవనమంతయు కాచుట, పాములను కంబళ్లలో చుట్టుట, ఇదియే అప్పటి పద్ధతి. 1927లో అచ్చటనే కట్టిన క్రొత్త గృహములో ఈ స్థితి మారినది. దానిని రూపొందించినది జోన్ ప్రాక్టర్ అను యువతి. సరీసృపముల విభాగమునకు అధికారిణి. బాల్యము నుండి అనారోగ్యముతో బాధపడి 1931లో 34వ యేటనే కన్నుమూసినది. ఆమె విద్యుత్తు సాయముతో ఒక్కొక్క గదికి, గదిలోని ఒక్కొక్క మూలకు వేరువేరు వేడి అందునట్లు ఏర్పాటు చేసినది. నేడు అన్ని దేశములలోను పాముల పెట్టెలు ఆమె చూపిన దారినే నడచుచున్నవి.

వేడి తరువాత కావలసినది మరుగు. రాజస్థానములో భరత్‌పూరు వద్దనున్న కేవలాదేవు అభయారణ్యములో కొండచిలువలను పరిశీలించిన శాస్త్రజ్ఞులకు అవి ముళ్లపంది త్రవ్విన బొరియలలో, కొన్నిసార్లు ముళ్లపందులతోనే కలసి, కాపురముండుట కనబడినది. చలికాలపు పగటివేళ బయటకు వచ్చి ఎండ కాచుకొని, మరల లోనికి పోవును. ఇంత పెద్ద పామునకే బొరియ కావలసియుండగా, గ్రద్ద మొదలు ముంగిసవరకు అందరికిని ఆహారమగు మూరెడు పిల్ల మాట చెప్పనేల? అద్దాల పెట్టెలో దాగుటకు చోటు లేక నలుగురి కండ్లముందు పడియున్న పిల్ల తిండి మానివేయును. రెండు కొనలలోను ఒక్కొక్క గూడు, ఒంటిని ముంచుకొనుటకు చాలినంత నీటి పళ్లెము, గాలి వచ్చు రంధ్రములు, గట్టి గడియ, ఇవి చాలును. గడియ విషయములో అలక్ష్యము కూడదు. తల దూరిన సందులో కొండచిలువ పిల్ల ఒళ్లంతయు దూరును.

ఇక ఆహారము. క్రొత్తగా పుట్టిన పిల్ల కొన్ని దినములు ఏమియు తినదు. కడుపులో మిగిలియున్న గ్రుడ్డు సొనయే దానికి ఆధారము. వారము, రెండు వారములకు మొదటి కుబుసము విడిచిన పిమ్మట వేట మొదలగును. అడవిలో బల్లులు, చిన్న పక్షులు, ఎలుకపిల్లలు దొరకును. జంతుశాలలో వారమునకొక ఎలుకపిల్ల ఇత్తురు. అది పాము ఒంటిలో లావైన భాగమునకు మించకూడదు. చచ్చిన ఎలుకనే ఇచ్చుట మంచిది. బ్రదికిన ఎలుక తిరుగబడి కరచిన గాయములతో ఎన్నియో పాములు చెడిపోయినవి. పాలు మాత్రము పామునకు ఆహారము కాదు. నాగులచవితినాడు పుట్టలో పోసిన పాలు చీమలకే చెందును గాని ఏ పామునకును చెందవు.

కొండచిలువ ఎలుకను కనుగొను తీరు విచిత్రమైనది. దాని పెదవుల పొలుసులలో చిన్న చిన్న గుంటలుండును. వానిని చూచినవారు చాలకాలము పలువిధముల ఊహించినారు. 1937లో నోబుల్, ష్మిట్ అను అమెరికను శాస్త్రజ్ఞులు ఆ గుంటలు వేడిని పసికట్టు ఇంద్రియములని ప్రయోగములతో చూపినారు. చీకటిలో సైతము వెచ్చని ఎలుక పామునకు తెలిసిపోవును. కొండచిలువ పిల్ల తన యజమానిని ఎందుకు కరచునో దీనినిబట్టి గ్రహింపవచ్చును. ఎలుక వాసన అంటిన చేయి వెచ్చగా నుండును. పాము లెక్కలో అది ఎలుకయే. కనుక దానిని తాకుటకు ముందు చేతులు కడుగుకొనవలెను. తాకిన తరువాతను కడుగుకొనవలెను. ఏలయన సరీసృపముల ఒంటిమీద నుండి సాల్మొనెల్లా అను సూక్ష్మజీవులు మనకు అంటుకొనగలవు. ఎత్తునప్పుడు తలను పట్టరాదు. తోక పట్టి వ్రేలాడదీయరాదు. రెండు చేతులను క్రిందుగా చాచి ఒంటి బరువంతయు మోయవలెను. సినిమాలలో వలె మెడలో దండగా వేసికొనుట పామునకు సుఖము కాదు; పెరిగిన పామైనచో వేసికొన్నవారికిని క్షేమము కాదు.

తిన్న తరువాత రెండు మూడు దినములు దానిని కదిలింపరాదని అనుభవజ్ఞులు ఎప్పటినుండియో చెప్పుచుండిరి. కారణము మాత్రము 1990 దశకములో గాని తెలియలేదు. అమెరికాలో స్టీఫెన్ సెకార్, జేర్డ్ డైమండ్ అనువారు బర్మా కొండచిలువకు ఎలుకలను పెట్టి, తిన్న తరువాత దాని దేహములో జరుగు మార్పులు కొలిచినారు. పెద్ద భోజనము తరువాత ఆమ్లజని వాడకము విశ్రాంతిలో నున్నప్పటికంటె పది రెట్లు దాటి పెరిగినది. ముడుచుకొనియున్న ప్రేగులు ఒకటి రెండు దినములలో బలిసినవి. 2005లో ప్రకటింపబడిన మరియొక పరిశోధనలో, తిన్న 48 గంటలలో గుండె జఠరిక బరువు నూటికి 40 వంతులు పెరిగినట్లు తేలినది. జీర్ణము ముగియగానే అన్నియు మరల పూర్వపు కొలతలకు దిగును. పరుగుపందెములో నున్న గుఱ్ఱము ఒంటిలో ఎంత పని జరుగునో, కదలక పడియున్న ఈ పాము ఒంటిలో ఇంచుమించు అంత పని జరుగుచుండును. అట్టి సమయమున భయపెట్టినను, చలిలో నుంచినను, పని నిలిచిపోయి తిన్నది కడుపులో కుళ్లును. పాము దానిని కక్కివేయును. పిల్ల అయినచో ఒక్కొక్కసారి ఆ దెబ్బనుండి తేరుకొనదు.

ఇంతయు విన్నవారికి, అయితే ఒక పిల్లను తెచ్చి పెంచవచ్చునా అను కోరిక కలుగుట సహజము. మన కొండచిలువ విషయములో దీనికి సమాధానము స్పష్టము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో అది మొదటి షెడ్యూలులో, పెద్దపులి సరసన నున్నది. దానిని పట్టుటకు గాని, ఇంట నుంచుకొనుటకు గాని, అమ్ముటకు గాని వీలులేదు. నేరము రుజువైనచో శిక్ష మూడేండ్లకు తగ్గదు, ఏడేండ్లవరకు ఉండవచ్చును. 2022 సవరణ ప్రకారము జరిమానా ఇరువదియైదు వేల రూపాయలకు తగ్గదు. ఇంత కఠినమేల యని అడుగువారు పాములతోళ్ల వ్యాపారమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. సంచులకు, చెప్పులకు పాములతోళ్లు లెక్కలేనన్ని విదేశములకు పోయెడివి. 1976లో ఆ ఎగుమతి నిషేధింపబడినది. మద్రాసులో 1969లో పాముల ఉద్యానమును స్థాపించిన రోములస్ విటేకర్ మొదలైనవారి కృషి, పాము చంపదగినది కాదు, చూడదగినది అను భావమును దక్షిణదేశములో ప్రచారము చేసినది. హైదరాబాదులో కొండచిలువను చట్టసమ్మతముగా చూడదలచినవారికి 1963లో తెరచిన నెహ్రూ జంతుప్రదర్శనశాల ఉన్నది.

విదేశీ జాతులైన ఆఫ్రికా బంతి కొండచిలువ వంటివానికి చట్టము వేరు. అవి అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలో నున్నవి కనుక, వానిని ఉంచుకొన్నవారు 2024 నాటి నియమముల ప్రకారము అధికారుల వద్ద నమోదు చేయించవలెను. ఇందులో చట్టము మాట అటుంచినను, కొనునప్పుడు కనబడని భారమొకటి కలదు. పిల్ల మూరెడున్నను, కొండచిలువ యిరువది ఏండ్లకు పైగా బ్రదుకును. బర్మా జాతి పదునైదు అడుగులు దాటవచ్చును. అమెరికాలో ఫ్లారిడా రాష్ట్రమున పెంచలేక విడిచినవి, తప్పించుకొన్నవి అయిన ఈ జాతి పాములు ఎవర్‌గ్లేడ్సు చిత్తడినేలలలో సంతతి పెంచుకొన్నవి. అవి స్థిరపడిన చోట్ల రకూను అను జంతువులు కంటబడుట నూటికి 99 వంతులు తగ్గినదని 2012లో పరిశోధకులు ప్రకటించినారు. ఆ యేడే అమెరికా ప్రభుత్వము బర్మా కొండచిలువల దిగుమతిని నిషేధించినది. అప్పటికి ఆలస్యమైపోయినది.

కాబట్టి పైన చెప్పిన పెంపకపు విద్య నేడు మన దేశములో ఎవరికి పనికివచ్చుననగా, జంతుశాలలోని కాపరులకు, పాములను కాపాడు స్వచ్ఛంద సేవకులకు, గాయపడిన పిల్లకు చికిత్స చేయు పశువైద్యులకు. హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ అను సంస్థకు చెందిన సేవకులు పిలిచినవారి యింటికి వచ్చి పామును పట్టి, అటవీశాఖ అనుమతితో అడవిలో విడుచుచున్నారు. జూబిలీ హిల్సు వంటి చోట్ల ఈ పిలుపులు వానకాలములో ఎక్కువ. కొండచిలువ గ్రుడ్లు పగులునదియు ఇంచుమించు ఆ కాలమే. పిలిచినవారు చేయవలసినది స్వల్పము: పాముకు దారి ఈయవలెను, పిల్లలను, కుక్కలను లోపల నుంచవలెను, అది పోవు దిక్కును దూరము నుండి కనిపెట్టుచుండవలెను. కర్ర, గోనెసంచి, ధైర్యము, ఈ మూడింటిని ఎవరు తెచ్చినను వద్దనవలెను.

పట్టినవారు పిల్లను గుడ్డసంచిలో వేసి, మూతి కట్టి, గాలి రంధ్రములున్న పెట్టెలో నీడపట్టున నుంతురు. ఒకటి రెండు దినములు ఆగవలసివచ్చినచో పెట్టెలో నీటి పళ్లెము పెట్టుదురు. చూడవచ్చిన ఇంటివారు జాలిపడి ఎలుకనో, గ్రుడ్డునో, పాలనో తెచ్చియిచ్చుట కలదు. సేవకులు వానిని తీసికొనరు. కడుపు ఖాళీగా నున్న పిల్ల వారములతరబడి హాయిగా నుండగలదు. కడుపు నిండిన పిల్లకు మాత్రము అడవివరకు జీపు ప్రయాణము ప్రాణాపాయము.